మజిలీ, మరమ్మతు, సైకిలు: మేడ్చల్–శామీర్‌పేట దారులలో దూరయాత్రా వాహనపు ఎంపిక – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

దూరయాత్రకు ఏ సైకిలు తగినదన్న ప్రశ్నను సాధారణంగా యంత్రానికి సంబంధించిన ప్రశ్నగానే చూస్తారు. చక్రం కొలత, గేర్ల సంఖ్య, ఫ్రేము లోహం, మొత్తం బరువు అనే అంశాల చుట్టూ చర్చ సాగుతుంది. ఈ గుణాలకు విలువ ఎక్కడినుండి వస్తుందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. హైదరాబాదు ఉత్తర శివార్లలోని మేడ్చల్, శామీర్‌పేటల మీదుగా సాగే రెండు ప్రధాన రహదారులను ఆధారంగా తీసుకొని, సైకిలు యోగ్యతను ప్రతి కాలంలోనూ ఆ దారి వెంట ఉన్న మరమ్మతు వ్యవస్థే నిర్ణయించిందని ప్రతిపాదిస్తుంది. చక్రం, బరువు, గేరు, గాలివాల్వు అనే నాలుగు అంశాల ద్వారా ఈ ప్రతిపాదనను నిరూపించడం వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: సైకిలు, దూరయాత్ర, మజిలీ, మరమ్మతు, మేడ్చల్, శామీర్‌పేట, సాంకేతిక చరిత్ర.

1. ఉపోద్ఘాతం

సికింద్రాబాదు నుండి ఉత్తరంగా వెళ్ళే దారులలో రెండు ముఖ్యమైనవి. మొదటిది కొంపల్లి, కండ్లకోయ, మేడ్చల్ మీదుగా కామారెడ్డి, నిర్మల్, ఆదిలాబాదు దిశగా సాగి నాగపూరు చేరుతుంది. చిరకాలం 7వ నంబరు జాతీయ రహదారిగా వ్యవహారంలో ఉన్న ఈ మార్గం, 2010లో జరిగిన పునర్వ్యవస్థీకరణ తరువాత శ్రీనగర్–కన్యాకుమారి మధ్య సాగే 44వ నంబరు జాతీయ రహదారిలో భాగమైంది. రెండవది శామీర్‌పేట మీదుగా కరీంనగర్, రామగుండం వైపు వెళ్ళే రాజీవ్ రహదారి. 2016 అక్టోబరు 11న ఏర్పడిన మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలో ఈ రెండు పట్టణాలూ చేరాయి.

కాశ్మీరు నుండి కన్యాకుమారి వరకు సైకిలుపై వెళ్ళదలచిన యాత్రికుడు 44వ నంబరు రహదారినే పట్టుకుని వస్తే మేడ్చల్‌ను దాటవలసిందే. నగరం నుండి బయలుదేరి ఒకటి రెండు రోజుల యాత్రకు వెళ్ళేవారికి శామీర్‌పేట దారి కూడా అందుబాటులోనిది. ఇవే దారుల మీద పాలు, కూరగాయలు, కల్లు, బట్టల మూటలు సైకిళ్ళపై ఊరూరా తిరిగిన చరిత్ర ఉంది. యాత్ర కోసం వెళ్ళే సైకిలుకూ బతుకుతెరువు కోసం వెళ్ళే సైకిలుకూ ఈ దారులు ఉమ్మడి వేదికలు. అందుచేత దూరయాత్రా వాహనపు ఎంపికను చారిత్రకంగా పరిశీలించడానికి ఈ ప్రాంతం అనువైనది.

2. మజిలీ దారి: పల్లకీ నుండి రైలు వరకు

మేడ్చల్‌కు ప్రయాణ చరిత్రలో సైకిలుకు ముందే స్థానముంది. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో కాశీయాత్రకు బయలుదేరి, హైదరాబాదు మీదుగా నాగపూరు దారి పట్టాడు. ఆయన మజిలీలలో మేడ్చల్ ఒకటి. 1838లో ముద్రితమైన ‘కాశీయాత్ర చరిత్ర’లో దారి స్థితి, నీటివసతి, అంగళ్ళు, బస వంటి విషయాలకు దక్కిన ప్రాధాన్యం తెలుగు యాత్రాసాహిత్య పరిశోధకులకు సుపరిచితమే. పల్లకీ ఎంత గట్టిదైనా బోయీలు, మంచినీళ్ళు, బియ్యం దొరికే మజిలీలు లేకపోతే యాత్ర సాగదు. వాహనం యోగ్యత మజిలీల వరుసపై ఆధారపడి ఉందన్నది ఆనాటి ప్రయాణ తర్కం.

20వ శతాబ్ది ఆరంభం నాటికి సికింద్రాబాదు–మన్మాడ్ మీటరుగేజి రైలుమార్గం మేడ్చల్ మీదుగా నడిచింది. 1932లో నిజాం రాష్ట్ర రైల్వేశాఖ 27 బస్సులతో రోడ్డు రవాణాను ప్రారంభించింది. రైలుకు స్టేషనూ బస్సుకు డిపో ఉన్నాయి. ఈ రెండింటి మధ్యకు వచ్చిన సైకిలుకు మాత్రం అటువంటి సంస్థాగత ఆధారం లేదు. దాని మజిలీలను రోడ్డుపక్క మెకానిక్కులు, అద్దె సైకిళ్ళ దుకాణదారులు నిర్మించారు. తెలంగాణలో ‘సైకిల్ టాక్సీ’ అన్న పేరుతో గంటల లెక్కన సైకిళ్ళు అద్దెకిచ్చిన దుకాణం, అదే సమయంలో పంచరు వేసే చోటు, గాలి కొట్టే చోటు, ‘బెండు తీసే’ చోటు కూడా. ఈ వ్యాసంలో మరమ్మతు వ్యవస్థ అన్న మాట ఈ దుకాణాల శ్రేణిని, అందులో దొరికే విడిభాగాలను, అక్కడి చేతినైపుణ్యాన్ని కలిపి సూచిస్తుంది.

3. తొలి యాత్రికులు: యంత్రమూ దారీ

సైకిలుపై భూమి చుట్టివచ్చిన తొలి వ్యక్తిగా పేరొందిన థామస్ స్టీవెన్స్ 1886లో లాహోరు నుండి కలకత్తా వరకు గ్రాండ్ ట్రంక్ రోడ్డు మీద ప్రయాణించాడు. ఆయనది ముందు పెద్ద చక్రం, వెనుక చిన్న చక్రం ఉన్న పాతతరహా వాహనం. దానికి గట్టి రబ్బరు పట్టీలే తప్ప గాలి టైర్లు లేవు. గాలి లేదు గనుక పంచరు బెడదా లేదు. 1885లో జాన్ కెంప్ స్టార్లీ రూపొందించిన రోవర్ ‘సేఫ్టీ’ సైకిలు, 1888లో డన్‌లప్ గాలి టైరు వచ్చాక ప్రయాణం సుఖవంతమైంది. అదే సమయంలో పంచరు అనే కొత్త ఆధారపడటం కూడా మొదలైంది. ముల్లు గుచ్చుకున్న చోటనే ప్యాచీ వేసే చేయి ఉండాలి. లేదా ఆ చేయి ప్రయాణికుడిదే కావాలి.

1923 అక్టోబరు 15న బొంబాయి నుండి ఆరుగురు పార్సీ యువకులు ప్రపంచయాత్రకు బయలుదేరారు. వారిలో ఆది హకీం, జాల్ బాపసోలా, రుస్తుం భుంగరా 1928 మార్చి 18న తిరిగివచ్చారు. వారు 44,000 మైళ్ళు, అంటే దాదాపు 71,000 కిలోమీటర్లు తొక్కారు. 1926లో కలకత్తా నుండి బిమల్ ముఖర్జీ, 1931లో సింగపూరు నుండి రామనాథ్ బిశ్వాస్ ఇటువంటి యాత్రలే ఆరంభించారు. ఆ కాలపు యాత్రికులకు నేడు ‘టూరింగ్ సైకిలు’ అన్న ప్రత్యేక వర్గం కింద అమ్ముడయ్యే యంత్రాలు లేవు. దేశంలో నిత్యం తిరిగే బరువైన ఉక్కు సైకిలే ఖండాలు దాటింది. దీనిని కేవలం సాహసంగా వర్ణించి వదిలివేయరాదు. సామాన్య సైకిలు అంతటి యాత్రకు సరిపోవడానికి దాని నిర్మాణంలోని సరళత, మధ్యలో విడదీసి మళ్ళీ బిగించగల వీలు ప్రధాన కారణాలు.

4. ఇరవైయెనిమిది అంగుళాల చక్రం: ఒక ఉమ్మడి ప్రమాణం

స్వాతంత్ర్యానంతరం దేశీయ పరిశ్రమ వేగంగా పెరిగింది. మద్రాసు సమీపంలోని అంబత్తూరులో 1949లో టి.ఐ. సైకిల్స్, సోనీపత్‌లో 1951లో అట్లాస్, లూధియానాలో 1956లో హీరో సంస్థలు ఆరంభమయ్యాయి. అసన్‌సోల్‌లో సెన్–ర్యాలీ కర్మాగారం వెలిసింది. పేర్లు వేరైనా వీటి ప్రధాన ఉత్పత్తి ఒకే నమూనాకు చెందినది. 28×1½ అంగుళాల చక్రం, 22 లేదా 24 అంగుళాల ఉక్కు ఫ్రేము, ఇనుపకడ్డీల బ్రేకులు, ఒకే గేరు, క్యారియరు, స్టాండు, మడ్‌గార్డులు కలిగిన ఆంగ్ల ‘రోడ్‌స్టర్’ నమూనా అది. బరువు దాదాపు 20 కిలోలు.

దూరయాత్ర దృష్ట్యా ఈ నమూనాకు గొప్ప బలం దాని సార్వత్రికతలో ఉంది. ఒక సంస్థ సైకిలుకు మరొక సంస్థ టైరు, గొలుసు, పెడలు, ఫ్రీవీలు దాదాపు సరిపోయేవి. లూధియానా చిన్న పరిశ్రమల్లో తయారైన విడిభాగాలు దేశమంతటా మండల కేంద్రాల దాకా చేరాయి. ఉక్కు ఫ్రేము విరిగితే గ్యాసు వెల్డింగు చేసేవాడు ఇత్తడితో అతికించగలడు. చక్రం తీగ తెగితే ఏ దుకాణంలోనైనా మరొకటి దొరుకుతుంది. మేడ్చల్‌లో కొన్న టైరు నిర్మల్‌లో చిరిగితే నిర్మల్‌లోనే దానికి జోడు దొరకడమే దూరయాత్రా యోగ్యత. ఇంజనీరింగు పుస్తకం ఆ సైకిలును బరువైనదనీ నెమ్మదైనదనీ తీర్పు చెప్పవచ్చు. కానీ దారి దానిని తగినదిగా నిలబెట్టింది.

ఈ ప్రమాణానికి ఎంతటి శక్తి ఉందో కొలతలలోనే తెలుస్తుంది. రోడ్‌స్టర్ టైరు అంచు వ్యాసం 635 మిల్లీమీటర్లు. నేటి రోడ్డు, టూరింగ్ సైకిళ్ళలో అధికభాగానికి ఉండే 700సి చక్రం వ్యాసం 622 మిల్లీమీటర్లు. ఐరోపాలో దీనినీ ‘28 అంగుళాల’ చక్రమనే వ్యవహరిస్తారు. తేడా 13 మిల్లీమీటర్లే. అయినా ఒకదాని టైరు మరొకదానికి ఎక్కదు. ఆ స్వల్ప దూరంలో రెండు వేర్వేరు సరఫరా లోకాలున్నాయి: ఒకటి పల్లె అంగడి వరకు విస్తరించింది, మరొకటి నగర దుకాణంలో ఆగిపోయింది.

5. బరువు విద్య: పాలసైకిలు నేర్పిన పాఠం

దూరయాత్రా సైకిలుకు నిపుణులు చెప్పే ప్రధాన లక్షణాలలో బరువును మోసే వెనుక చక్రం, గట్టి క్యారియరు, బరువు పెరిగినా అదుపు తప్పని ఫ్రేము ముఖ్యమైనవి. హైదరాబాదు పరిసర గ్రామాల శ్రమజీవులు ఈ మూడింటినీ ఎన్నడో సాధించారు. ఇరువైపులా పాలక్యానులు వేలాడదీసిన సైకిలు, కల్లుకుండలు కట్టిన గీతకార్మికుని సైకిలు, ఎత్తైన మూటతో తిరిగే బట్టల వ్యాపారి సైకిలు ఇందుకు నిదర్శనాలు. పై గొట్టం ఒకటికి రెండుగా ఉండే ‘డబుల్ బార్’ ఫ్రేము, లావాటి ఇనుప క్యారియరు, వెడల్పు టైరు ఈ అవసరం నుండి ప్రాచుర్యంలోకి వచ్చాయి.

రోడ్‌స్టర్ చక్రాల తీగల సంఖ్య కూడా గమనార్హం. ముందు చక్రానికి 32, వెనుక చక్రానికి 40. బరువులో అధికభాగం వెనుక చక్రంపై పడుతుందన్న అనుభవసత్యం ఆ సంఖ్యలో ఉంది. నేటి మంచి టూరింగ్ సైకిళ్ళలో సాధారణంగా రెండింటికీ 36 తీగల చొప్పున ఉంటాయి. వేగపు సైకిళ్ళలో 20, 24 తీగలు కూడా చాలు. తీగలు తక్కువైన కొద్దీ బరువు తగ్గుతుంది; అయితే ఒక్క తీగ తెగినా చక్రం వంకరపోయి ఫ్రేముకు తగులుతుంది. 40 తీగల చక్రంలో ఒకటి తెగినా తరువాతి ఊరు చేరవచ్చు. ఈ వివేకాన్ని పాల వ్యాపారి అనుభవంతో గ్రహించాడు. నేటి యాత్రికుడు నిపుణుల సలహాగా వింటున్నాడు. చరిత్ర రచనలో మొదటివానిని శ్రామికుడనీ రెండవవానిని యాత్రికుడనీ వేరుచేయడం వల్ల ఈ జ్ఞాన సంబంధం మరుగున పడింది.

6. గేర్ల వివాదం – దక్కను నేల

గేర్లు ఎన్ని ఉండాలన్న చర్చ ఈనాటిది కాదు. ఫ్రాన్సులో ‘వెలోసియో’ అన్న కలంపేరుతో రాసిన పాల్ ద వివీ పర్వత ప్రయాణాలకు గేర్లు మార్చుకునే సౌకర్యం అవసరమని జీవితాంతం వాదించాడు. పందేల నిర్వాహకులు దానిని బలహీనుల సాధనంగా చూశారు. తూర్ ద ఫ్రాన్స్‌లో గొలుసును ఒక పళ్ళచక్రం నుండి మరొకదానికి మార్చే డెరైలర్ పరికరానికి అనుమతి 1937లోనే లభించింది. యాత్రికుని అవసరమూ పందెగాని గౌరవమూ భిన్నమైనవని ఈ చరిత్ర చెబుతుంది.

మేడ్చల్, శామీర్‌పేటలు దక్కను పీఠభూమిపై గ్రానైటు గుట్టల నడుమ ఉన్నాయి. ఇక్కడ నిటారైన కనుమలు లేవు. చెరువు కట్ట నుండి మిట్టకు, మిట్ట నుండి మరో చెరువుకు అలలుగా సాగే ఎత్తుపల్లాలు ఉన్నాయి. ఒకే గేరు ఉన్న సైకిలు ఈ నేలకు ఎలా సరిపోయిందో లెక్క వేయవచ్చు. ముందు 44, వెనుక 18 పళ్ళు ఉన్న రోడ్‌స్టర్‌ను ఉదాహరణగా తీసుకుంటే, పెడలు ఒక చుట్టు తిరిగినప్పుడు సైకిలు సుమారు 5.5 మీటర్లు ముందుకు సాగుతుంది. ఖాళీ సైకిలుకు, చిన్న మిట్టకు అది చాలు. 20 కిలోల సామానుతో ఎదురుగాలిలో రోజుకు 100 కిలోమీటర్లు పోవాలంటే మోకాళ్ళపై భారం పడుతుంది. ముందు 26, వెనుక 34 పళ్ళ వరకు దిగగల టూరింగ్ సైకిలులో అదే చుట్టుకు సుమారు 1.7 మీటర్లు మాత్రమే సాగుతుంది. అంటే మిట్ట ఎక్కడానికి కావలసిన బలం మూడోవంతుకు తగ్గి, కాలం పెరుగుతుంది. ఒకే గేరు కాలంలో మిట్ట వద్ద దిగి సైకిలును నడిపించుకుపోవడమే ‘చిన్న గేరు’గా పనిచేసింది. అందులో అవమానం లేదు. పాల వ్యాపారి ఆ పని రోజూ చేశాడు.

గేర్లకు మరో వైపు ఉంది. 8, 9 పళ్ళచక్రాల అమరిక వరకు గొలుసులు, కేబుళ్ళు నగరంలో సులువుగా దొరుకుతాయి. 11, 12 చక్రాల అమరికలకు సన్నని ప్రత్యేక గొలుసులు, సున్నితమైన సర్దుబాటు కావాలి. అందువల్ల గేరు ఎంపికలో కూడా కాలు బలంతోపాటు దారిలోని దుకాణం సామర్థ్యం లెక్కకు వస్తుంది.

7. గాలి ఎక్కడ దొరుకుతుంది? – వాల్వు చరిత్ర

మరమ్మతు వ్యవస్థలో వచ్చిన మార్పును అతిచిన్న భాగమైన గాలివాల్వు స్పష్టంగా చూపుతుంది. రోడ్‌స్టర్ ట్యూబుకు ఉండేది లోపల సన్నని రబ్బరు గొట్టం తొడిగిన డన్‌లప్ వాల్వు. సైకిలు దుకాణంలోని చేతిపంపు దాని కోసమే తయారైంది. ఆ రబ్బరు ముక్క చిరిగితే అతి తక్కువ ఖర్చుతో మార్చుకోవచ్చు. తుమ్మముల్లు, పల్లేరుగాయ గుచ్చుకునే ఈ నేలలో పంపు, నీళ్ళతొట్టి, ప్యాచీ, గరుకు కాగితం ఉన్న దుకాణం ప్రతి ఊరి మొదట్లో కనిపించిన కాలం అది.

1991 తరువాతి ఆర్థిక మార్పులు, మోటారు సైకిళ్ళ వ్యాప్తి, రహదారుల విస్తరణ ఈ దృశ్యాన్ని మార్చాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో 44.8 శాతం కుటుంబాలకు సైకిలు ఉంది. సైకిలు ఇంటిలో మిగిలింది. కానీ రహదారి పక్క మరమ్మతు పని ఎక్కువగా మోటారు వాహనాల వైపు జరిగింది. అక్కడ గాలి పెట్రోలు బంకులోనూ లారీ టైర్ల దుకాణంలోనూ దొరుకుతుంది. ఆ గొట్టం అమరేది మోటారు వాహనాల తరహా ష్రేడర్ వాల్వుకు. వేగపు సైకిళ్ళలో కనిపించే సన్నని ప్రెస్టా వాల్వుకు అది నేరుగా అమరదు. మధ్యలో చిన్న ఇత్తడి మరబిరడా ఉండాలి. రిమ్ముకు పెద్ద రంధ్రం ఉంటే ష్రేడర్, డన్‌లప్ ట్యూబులు రెండూ పడతాయి. ప్రెస్టాకు వేసిన సన్నని రంధ్రంలో ష్రేడర్ పట్టదు. కనుక 44వ నంబరు రహదారిపై వెళ్ళే యాత్రికునికి ష్రేడర్ వాల్వు తగినదన్న నేటి సలహా, నిజానికి సైకిలు దుకాణాల వ్యవస్థ నుండి మోటారు వాహనాల వ్యవస్థకు జరిగిన బదిలీని గుర్తించే చారిత్రక నిర్ణయం.

ఇదే తర్కం చక్రానికీ వర్తిస్తుంది. 1990ల నుండి ‘రేంజర్’ తరహా సైకిళ్ళు విస్తరించడంతో 559 మిల్లీమీటర్ల, అంటే 26 అంగుళాల చక్రానికి టైర్లు చిన్న పట్టణాలలోనూ నిలవ ఉంటున్నాయి. 700సి చక్రం సాఫీ రోడ్డుపై వేగానికి అనుకూలం. నగరానికి దూరమైన కొద్దీ 26 అంగుళాల చక్రానికి ఆసరా ఎక్కువ. రోడ్‌స్టర్ చక్రం వహించిన ఉమ్మడి ప్రమాణపు పాత్రలో కొంత ఈ చక్రానికి సంక్రమించింది.

8. నేటి ఎంపిక: రెండు విధాల యాత్రలు

ప్రస్తుతం హైదరాబాదు నుండి సాగే దూరప్రయాణాలను రెండుగా విభజించవచ్చు. మొదటిది కాలపరిమితి గల ‘బ్రెవె’ యాత్ర. దీని మూలాలు 1891లో మొదలైన పారిస్–బ్రెస్త్–పారిస్ ప్రయాణంలో ఉన్నాయి. 200 కిలోమీటర్లను 13 గంటల 30 నిమిషాలలో, 300ను 20 గంటలలో, 400ను 27 గంటలలో, 600ను 40 గంటలలో పూర్తిచేయాలి. ఒకే యాత్రాసంవత్సరంలో ఈ నాలుగింటినీ పూర్తిచేసినవారికి ‘సూపర్ రాందొనర్’ గౌరవం దక్కుతుంది. దారిలో ప్రయాణికుడు స్వయంసమృద్ధుడై ఉండాలన్నది ఇందులోని ప్రధాన నియమం. మరమ్మతును అతడు తనతో మోసుకుపోతాడు. అందుచేత తేలికపాటి సైకిలు, 28 నుండి 32 మిల్లీమీటర్ల టైర్లు, మంచి దీపాలు, రెండు అదనపు ట్యూబులు దీనికి సరిపోతాయి.

రెండవది సామానుతో రోజుల తరబడి సాగే యాత్ర. దీనికి ఉక్కు ఫ్రేము, 36 తీగల చక్రాలు, 38 మిల్లీమీటర్లకు తగ్గని టైర్లు, క్యారియరు బిగించే మరరంధ్రాలు, చిన్న గేరు అవసరం. బ్రేకుల విషయంలో కేబులుతో పనిచేసే రిమ్ము బ్రేకు గానీ కేబులు డిస్కు గానీ మేలు. నూనె ఒత్తిడితో పనిచేసే డిస్కు బ్రేకు మొరాయిస్తే దారిలో బాగుచేయించడం కష్టం. తడిసిన ఉక్కు రిమ్ముపై పాత కడ్డీబ్రేకు పట్టు తప్పుతుందన్నది వానాకాలంలో రోడ్‌స్టర్ తొక్కినవారందరి అనుభవం. అందువల్ల పాత నమూనాను యథాతథంగా ఆరాధించవలసిన పనిలేదు. దాని సరళతను నిలుపుకొని లోపాలను సవరించుకోవాలి.

శరీర కొలత మరో అంశం. 22, 24 అంగుళాల ఫ్రేములు ప్రధానంగా పురుష దేహాన్ని దృష్టిలో ఉంచుకున్నవి. సీటు అందని పిల్లలు ఫ్రేము త్రికోణంలో కాలు దూర్చి తొక్కడం నేర్చుకున్నారు. పొట్టివారు, చాలామంది స్త్రీలు తమకు పెద్దదైన సైకిలుతోనే సర్దుకున్నారు. గంట ప్రయాణంలో ఈ సర్దుబాటు చెల్లుతుంది. పది గంటల ప్రయాణంలో అది మెడనొప్పిగా, చేతుల తిమ్మిరిగా బయటపడుతుంది. అనేక కొలతలలో ఫ్రేములు దొరకడం నేటి విపణి ఇచ్చిన నిజమైన లాభం. ఎంపికలో ధర కన్నా, సంస్థ పేరు కన్నా ముందు చూడవలసింది ఇదే.

దారి స్వభావం కూడా ఎంపికను శాసిస్తున్నది. 158 కిలోమీటర్ల బాహ్యవలయ రహదారి మేడ్చల్, శామీర్‌పేటల వద్ద ఈ రెండు దారులనూ కలుస్తుంది. దాని ప్రధాన మార్గంపై ద్విచక్రవాహనాలకు ప్రవేశం లేదు. నగరానికి పశ్చిమాన ఆ రహదారి వెంట 2023 అక్టోబరులో 23 కిలోమీటర్ల సౌరకప్పు సైకిలు మార్గం ప్రారంభమైంది. ఉత్తరాన పాలసైకిలుకూ యాత్రాసైకిలుకూ భారీ వాహనాల పక్కన రహదారి అంచే మిగిలింది. గాజుపెంకులు, టైర్ల నుండి రాలిన సన్నని ఇనుపతీగలు చేరేదీ ఆ అంచుకే. వెడల్పైన, పంచరు నిరోధక పొర ఉన్న టైరు ఇక్కడ విలాసం కాదు, అవసరం.

9. ముగింపు

పై పరిశీలన నుండి మూడు నిర్ధారణలు చేయవచ్చు.

ఒకటి: దూరయాత్రకు తగిన సైకిలు అన్న భావన కాలాన్నిబట్టి మారింది. 1920–1990ల మధ్య ఈ దారులకు రోడ్‌స్టర్ తగినదిగా నిలవడానికి దాని విడిభాగాల సార్వత్రికత, మరమ్మతు శ్రేణి విస్తృతి కారణాలు. నేడు అదే ప్రమాణంతో చూస్తే ష్రేడర్ వాల్వు, 26 అంగుళాల చక్రం లేదా వెడల్పు టైరున్న 700సి చక్రం, ఉక్కు ఫ్రేము, సరళమైన గేరు అమరిక అనుకూలంగా కనిపిస్తాయి.

రెండు: మరమ్మతు శ్రేణి పలచబడిన కొద్దీ దాని భారం ప్రయాణికుని సంచిలోకి చేరింది. అదనపు ట్యూబులు, పనిముట్లు, గొలుసు లంకెలు, వాటిని వాడే నేర్పు ఇప్పుడు సైకిలు ధరలో కనిపించని ఖర్చులు. ఆ ఖర్చు భరించగలవారికి యాత్ర సులభమైంది. రోజూ సైకిలుపైనే పని సాగించే శ్రామికునికి దారి కష్టమైంది.

మూడు: యాత్రాగ్రంథం ప్రయాణికుని పేరున వెలువడుతుంది. చక్రం బెండు తీసినవాని పేరు అందులో అరుదు. తెలుగునాట సాంకేతిక చరిత్ర రాసేవారు సైకిల్ టాక్సీ దుకాణదారుల, మెకానిక్కుల, పాలవ్యాపారుల మౌఖిక చరిత్రలను సేకరించడం తక్షణ కర్తవ్యం. ఆ తరం వృద్ధాప్యంలో ఉంది. తీగను వేలితో మీటి బిగువు చెప్పగల చెవి, ఫ్రేమును చూసి వంకర పసిగట్టగల కన్ను వారితోనే పోతాయి. వీరాస్వామయ్య మజిలీలను నమోదు చేసినందువల్లనే ఆనాటి దారి మనకు నేడు తెలుస్తున్నది. సైకిలు మజిలీలకు కూడా అటువంటి నమోదు జరిగితేనే ఈ నేలపై ఏ సైకిలు ఎందుకు తగినదో రాబోయే పరిశోధకుడు ఆధారాలతో చెప్పగలుగుతాడు.